వేదికను బట్టే వేషం

పల్నాటి వీరుల కథ ఒక్కటే. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, బాలచంద్రుడు, కారంపూడి రణరంగం... ఈ ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. అయినా ఆ కథను కారంపూడి వీధుల్లో చూసినవాళ్లు ఒకటి చూస్తారు. బుర్రకథలో విన్నవాళ్లు ఇంకొకటి వింటారు. తెర కట్టిన స్టేజి ముందు కూర్చున్నవాళ్లకు మరొకటి కనిపిస్తుంది. కథ మారలేదు, ఆడిన చోటు మారింది. చోటు మారితే నటుడి నడక, గొంతు, కిరీటం ఎత్తు, పద్యం సాగదీసే తీరు, చివరికి రచయిత కలం కూడా మారిపోతాయి.

ఈ మార్పులు చూడటానికి పల్నాడులోని మన శావల్యాపురం నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. ఒకపక్క వినుకొండ, ఇంకోపక్క నరసరావుపేట, కోటప్పకొండ. ఉత్తరాన కారంపూడి, ఆపైన మాచర్ల, అనుపు. రంగస్థలం పుట్టుపూర్వోత్తరాలు దాదాపు అన్నీ ఈ చుట్టుపక్కలే దొరుకుతాయి.

నాలుగు వైపులా మెట్లు

అన్నిటికంటే పాతది అనుపులో ఉంది. నాగార్జునసాగర్ నీళ్లలో మునగబోతున్న లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. దానితోపాటు మూడో శతాబ్దం నాటి ఒక ప్రదర్శనశాల కూడా దొరికింది. దాన్ని తీసుకొచ్చి అనుపులో మళ్లీ నిలబెట్టారు. నడుమ దీర్ఘచతురస్రపు మైదానం, చుట్టూ నాలుగు వైపులా మెట్ల వరుసలు. మల్లయుద్ధాల కోసమని కొందరు, సంగీత నృత్యాల కోసమని ఇంకొందరు పండితులు అన్నారు.

ఏం ఆడినా ఆ కట్టడం ఆటగాడికి పెట్టే షరతు ఒకటుంది. నాలుగు వైపులా జనం ఉంటే ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి వీపు చూపించక తప్పదు. కాబట్టి ఒకచోట నిలబడి మాట్లాడటం కుదరదు, తిరుగుతూ ఉండాలి. వెనక తెర కట్టలేరు, కడితే ఒక వైపు మెట్ల మీదివాళ్లకు ఆట కనపడదు. ముఖంలో చిన్న మార్పు పై మెట్టు దాకా చేరదు. చెయ్యెత్తాలి, అడుగు గట్టిగా వేయాలి, ఒంటరివాడికంటే గుంపే బాగా ఆనుతుంది.

ఈ చిక్కు భరతముని ఎరుగనిది కాదు. నాట్యశాస్త్రంలో వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అని మూడు ఆకారాల నాట్యగృహాలు చెప్పాడు. దీర్ఘచతురస్రం, చతురస్రం, త్రిభుజం అన్నమాట. వాటిలో 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉన్న మధ్యమ కొలతే మనుషులకు తగినదన్నాడు. సగం ప్రేక్షకులకు, మిగిలిన సగం రంగానికి, నేపథ్యానికి. అంతకంటే పెద్దది కడితే మాట చెదిరిపోతుందని, ముఖంలోని భావం కనపడదని కారణం కూడా చెప్పాడు. ఆటగాడి గొంతు, చూపు ఎంత దూరం పోతాయో చూసుకుని భవనం కొలత వేశాడు.

ఊరే రంగస్థలం

కారంపూడిలో ఈ లెక్కలేవీ పనిచేయవు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవం అయిదు రోజులు సాగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేరు ఒడ్డు, వీర్ల గుడి, ఊరి వీధులు, ఇవే రంగాలు. వీరుల ఆయుధాలు పట్టుకున్నవాళ్లు నడుస్తుంటే జనం వెంట నడుస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడు మళ్లీ జరుగుతుంది, కులం అడగకుండా అందరూ కలిసి తింటారు. ఆ పంక్తిలో కూర్చున్నవాడు ప్రేక్షకుడా, పాత్రధారా? ఆ విడదీత అక్కడ లేదు.

ఇక్కడ అంకాలు మార్చేది తెర కాదు, తెల్లవారడం. ఒక్కో రోజు ఒక్కో ఘట్టం. సంభాషణలు బట్టీ పట్టాల్సిన పని తక్కువ, ఎందుకంటే కథ చూడవచ్చినవాళ్లకే తెలుసు. చోటు అంతా పరచుకుని ఉన్నప్పుడు మాట కంటే నడక, ఆయుధం, వాద్యం ముందుకొస్తాయి.

ఈ కథను స్టేజి అక్కర్లేకుండా చెప్పుకోవడం ఎంత పాతదో ‘క్రీడాభిరామం’ చెబుతుంది. ఇంటిపేరులోనే వినుకొండ ఉన్న వల్లభరాయుడి పేరిట వచ్చిన వీథి నాటకం అది. శ్రీనాథుడే రాశాడన్న వాదమూ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించినదల్లా చెప్పుకుంటూ పోతారు. పల్నాటి వీరుల కథ పాడుతున్న ఒక స్త్రీ కూడా వాళ్లకు తారసపడుతుంది. ఊరంతా చూపించాలి, కానీ కట్టడానికి ఊరు లేదు. అందుకే పద్యమే వీధి అయింది, పద్యమే అంగడి అయింది. సెట్టింగు పని మాటకు అప్పగించిన నాటకం అది.

ఇద్దరు పట్టుకున్న తెర

వీధి భాగవతాల్లోనూ అంతే. గుడి ముందో, నాలుగు వీధుల కూడలిలోనో మూడు వైపులా జనం కూర్చుంటారు. వెనక మేళం. ఇల్లు, సింహాసనం, ఉద్యానవనం ఏవీ ఉండవు. అందుకే వేషం రాగానే ప్రవేశ దరువు పాడి తానెవరో చెప్పుకోవాలి. సూత్రధారి అడుగుతాడు, వేషం జవాబు చెబుతుంది, ఆ వరసలోనే ద్వారక వచ్చేస్తుంది. రంగం చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే ప్రయాణం అయిపోయినట్టే.

తెర ఉంటుంది కానీ కట్టి ఉండదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుంటారు. భామాకలాపంలో సత్యభామ ఆ తెర వెనక నిలబడి ముందుగా తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం కనపడకముందే పాత్ర గర్వమంతా జడ చెప్పేస్తుంది. ఇక వెలుతురు కాగడాలది. రాక్షస వేషమో, నరసింహుడో వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేస్తుంది. ఆ మంటల వెలుగులో దూరానున్నవాడికి కూడా వేషం తెలియాలి కాబట్టే అంతెత్తు కిరీటాలు, అంతేసి భుజకీర్తులు.

మూడు వైపులా జనం ఉన్నప్పుడు నటుడు వాళ్లతో నేరుగా మాట్లాడటం ఎక్కడైనా సహజమే. 1599లో లండన్‌లో కట్టిన గ్లోబ్ నాటకశాలలో వేదిక జనంలోకి పొడుచుకొచ్చి ఉండేది. షేక్స్‌పియర్ పాత్రలు ఒంటరిగా నిలబడి మనసులో మాట చెప్పుకునేది చుట్టూ ఉన్న ఆ జనానికే.

పెట్టె వచ్చింది

మూడు గోడలు మూసి నాలుగో గోడ తీసేసిన పెట్టె లాంటి రంగస్థలం ఇటలీలో 16, 17 శతాబ్దాల్లో రూపుదిద్దుకుంది. ఇంగ్లీషువాళ్లతో కలకత్తా, బొంబాయి చేరింది. బొంబాయి గ్రాంట్ రోడ్ థియేటర్ 1846లో వెలిసింది, 1853 నుంచి పార్శీ కంపెనీలు ఈ పెట్టె స్టేజిని జనంలోకి తెచ్చాయి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్లకొచ్చి ఆడింది. ఆ రోజుల్లోనే రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో తెలుగు నాటకం ఆడించారు. ఆ దశకంలోనే గుంటూరులో కొండుభొట్ల సుబ్రహ్మణ్యశాస్త్రి, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సమాజాలు నడిపారు.

జనమంతా ఒకే వైపు కూర్చోవడంతో రచయితకు కొత్త సౌకర్యం దొరికింది. ఎవరికి ఏది కనపడాలో, ఏది కనపడకూడదో తానే నిర్ణయించవచ్చు. 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి మంచం కింద రామప్పంతులు దాక్కుంటాడు. పూటకూళ్లమ్మ చీపురుతో వచ్చేసరికి గిరీశమూ అదే మంచం కిందికి దూరతాడు. మంచం కింది భాగం మనవైపు తెరిచి ఉంటుంది కాబట్టి ఇద్దరి అవస్థా మనకు తెలుస్తుంది. ఇదే సీనును నాలుగు వైపులా జనం ఉన్నచోట వేస్తే సగం మందికి పూటకూళ్లమ్మ వీపే మిగులుతుంది.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పడక సీను ఇంకో ఉదాహరణ. పల్లెల్లో ఈ సీను చూడనివాళ్లు అరుదు. కృష్ణుడి మంచాన్ని స్టేజికి అడ్డంగా వేస్తారు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. కళ్లు తెరవగానే ఎవరు ముందు కనపడతారన్నదే కథ. మంచం అడ్డంగా ఉండబట్టే ముగ్గురి ముఖాలూ మనకు ఒకేసారి తెలుస్తాయి. దుర్యోధనుడి బిగువు, అర్జునుడి వినయం, దొంగనిద్ర పోతున్న కృష్ణుడి చిరునవ్వు.

ఇక కాటి సీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటి ఘట్టానికి వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా శ్మశాన పద్యాలు వచ్చి చేరాయి. నాటకకర్త రాయనివి, నటులు తెచ్చుకున్నవి. చేరడానికి పద్యాల గొప్పదనం ఒక కారణమైతే, స్టేజి ఇచ్చిన శూన్యం ఇంకో కారణం. వెనక నల్లటి తెర, మసక వెలుతురు, భుజాన కర్రతో ఒక్కడే మనిషి. చుట్టూ జనం కూర్చున్న కూడలిలో ఆ ఒంటరితనం పుట్టదు. రాత్రంతా సాగే నాటకంలో ఈ సీను తెల్లవారుజామున పడటం దానికి ఇంకా కలిసొచ్చింది. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు వంటి నటులకు హరిశ్చంద్రుడి పాత్రే పెద్ద పేరు తెచ్చిపెట్టింది.

పెట్టె స్టేజి కష్టాలూ తెచ్చింది. దర్బారు తీసి అడవి పెట్టడానికి సమయం కావాలి. అందుకే ముందు వీధి తెర దించి, దాని ముందున్న నాలుగడుగుల జాగాలో హాస్యం నడిపించేవారు. వెనక బల్లలు జరుపుతున్న చప్పుడు ఆ నవ్వుల్లో కలిసిపోయేది. మైకు వచ్చాక పై స్థాయిలో పాడితే తప్ప వినపడదన్న బాధ తప్పింది. కానీ వేషాలు మైకు ముందుకొచ్చి వరుసగా నిలబడటం మొదలైంది. నడక తగ్గింది, రాగం పెరిగింది. ‘వన్స్‌మోర్’ కేకలు ఆ మార్పుకు తోడయ్యాయి.

కనపడని దారాలు

ఈ పెట్టెను చివరిదాకా వాడుకున్నది సురభి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ సమాజానికి వనారస గోవిందరావు మూలపురుషుడు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి వెళ్తాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. బాణాలు గాలిలో ఢీకొంటాయి. ఇదంతా తీగలు, కప్పీలు, తెర చాటున ఉన్న మనుషుల పనితనం. దానికి తల మీద చూరు ఎత్తు కావాలి, పక్కన మనిషి దాగే జాగా కావాలి, జనం ఎదురుగా మాత్రమే ఉండాలి. నాలుగు మూరలు పక్కకు జరిగి చూస్తే తీగ కనపడిపోతుంది. అందుకే సురభివాళ్లు ఊరి స్టేజిని నమ్ముకోలేదు, తమ పాకను తామే మోసుకు తిరిగారు.

మళ్లీ వలయంలోకి

1943లో పుట్టిన ప్రజానాట్యమండలికి మోసుకు తిరగడానికి పాకలు లేవు, ఆగడానికి సమయమూ లేదు. వాళ్ల చేతికి బుర్రకథ అందివచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ నడుమ తంబురాతో నిలబడితే ఒకపక్క రాజకీయం చెప్పే వంత, ఇంకోపక్క హాస్యం. ముగ్గురికీ కావలసింది రెండు బల్లల జాగా. నాజర్ ‘పల్నాటి యుద్ధం’ చెబుతుంటే అడుగు ముందుకు వేస్తే బాలచంద్రుడు, వెనక్కి వేస్తే కథకుడు. ఒక్క మనిషే పది వేషాలు కావలసివచ్చింది కాబట్టి గొంతు విరుపు, కంటి చూపు పదునెక్కాయి. మధ్యలో కథ ఆపి నేటి ధరల గురించి అడగడానికి వంతకు అవకాశం దొరికింది. తర్వాతి వీధి నాటకాలు ఈ దారినే పట్టాయి.

మన ప్రాంతానికే సొంతమైన వేదిక ఇంకొకటుంది. మహాశివరాత్రికి కోటప్పకొండ కింద ఊరూరి నుంచి వచ్చి నిలబడే విద్యుత్ ప్రభ. ఆకాశాన్నంటే దీపాల అలంకారం వెనక ఉంటే, దాని ముందు బల్లల మీద రాత్రంతా ఆటపాటలు సాగుతాయి. పక్క ప్రభ మైకు మోతకు మాట వినపడదు, అందుకే అక్కడ నాటకం నిలవలేదు, పాటలు, నృత్యాలే నిలిచాయి. చోటు ఏ ఆటను ఉంచుతుందో, దేన్ని తోసేస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కట్టబోయేవాళ్లకు

ఇప్పుడు ఊరూరా సిమెంటు కళావేదికలు వెలుస్తున్నాయి. చాలావాటికి వెనక గోడ, పైన స్లాబు, నుదుటిన దాత పేరు ఉంటాయి. వేషం కట్టుకోవడానికి గది ఉండదు. పక్కల నుంచి రావడానికి దారి ఉండదు, నటుడు జనంలోంచే మెట్లెక్కి రావాలి. తెర కట్టడానికి స్లాబుకు ఒక కొక్కెం ఉండదు. నేల మీద కూర్చున్నవాళ్లకు అడుగులు కనపడనంత ఎత్తున అరుగు ఉంటుంది. సభలకు, సన్మానాలకు అది చాలు. పడక సీనుకు చాలదు, కాటి సీనుకు అసలే చాలదు.

ఈ లోపాలు సరిదిద్దడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వెనక ఒక గది, రెండు పక్కల రెండు వాకిళ్లు, పైన నాలుగు ఇనుప కొక్కేలు, నడుము ఎత్తుకు మించని అరుగు, ముందు రెండు వెడల్పాటి మెట్లు. ఆ మెట్లుంటే బుర్రకథవాళ్లు, వీధి నాటకంవాళ్లు జనంలోకి దిగగలరు. ఊళ్లో వేదిక కట్టాలనుకునే దాతలారా, పంచాయతీ పెద్దలారా, ప్లాను గీయించే ముందు ఒకసారి మీ ఊళ్లో కృష్ణుడో హరిశ్చంద్రుడో వేషం కట్టిన పెద్దాయన్ని పిలిచి అడగండి. ఎక్కడ నిలబడితే మాట వినపడుతుందో, ఎక్కడ తలుపు పెట్టాలో ఆయనకు తెలిసినంతగా ఏ మేస్త్రీకీ తెలియదు.