ఓడకు జెండాయే జాతీయత.. సిబ్బంది జీతానికి ఓడే పూచీ

ఒక ఓడ ఉందనుకుందాం. యజమాని గ్రీసులో ఉంటాడు. నడిపే కంపెనీ దుబాయ్‌లో ఉంటుంది. ఓడ మీద ఎగిరేది పనామా జెండా. పని చేసేది మన విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు. ఆరు నెలలుగా జీతం రాకపోతే ఎవరిని అడగాలి? సముద్ర చట్టం చెప్పే జవాబు చాలామందికి కొత్తగా అనిపిస్తుంది: ఓడనే అడగొచ్చు.

జెండా అంటే ఏమిటి?

మనిషికి పాస్‌పోర్టు ఎలాగో ఓడకు రిజిస్ట్రేషన్ అలాగ. ఏ దేశంలో రిజిస్టర్ అయితే ఆ దేశం జెండా, ఆ దేశం జాతీయత. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం ఓడ ఒక్క జెండా కిందే తిరగాలి. అవసరాన్ని బట్టి రెండు జెండాలు మార్చి మార్చి వాడితే ఏ జాతీయతా లేని ఓడగా చూడొచ్చు. నడిసముద్రంలో ఓడపై సాధారణంగా జెండా దేశం చట్టమే నడుస్తుంది. రేవులోకి వచ్చాక మాత్రం అక్కడి కోర్టులకూ అధికారం ఉంటుంది.

పన్నులు, ఖర్చులు తక్కువని చాలామంది యజమానులు పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాలు తీసుకుంటారు. పేరు మారినా, జెండా మారినా మారనిది ఏడు అంకెల ఐఎంఓ నంబర్ ఒక్కటే.

విశాఖలో ఆగిన ఓడ

యజమాని చేతికి దొరకకపోయినా ఓడ దొరుకుతుంది. అందుకే దావా నేరుగా ఓడ మీదే వేయొచ్చు, కోర్టు దాన్ని అరెస్టు చేయొచ్చు. ఈ విషయంలో పేరుమోసిన కేసు మన దగ్గరిదే. 1984లో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ మర్మగోవా రేవులో సరుకు ఎక్కించుకుని, పంపినవారికి బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే వెళ్లిపోయింది. తర్వాత విశాఖకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో అరెస్టయింది. యజమాని కంపెనీకి భారత్‌లో ఆఫీసే లేదు, కేసు చెల్లదని వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. మన జలాల్లోకి వచ్చిన విదేశీ ఓడ మీద హైకోర్టుకు అధికారం ఉందని తేల్చింది.

ముందు జీతం, తర్వాతే బ్యాంకు

బ్రిటిష్ కాలపు పాత చట్టాల స్థానంలో 2017లో అడ్మిరాల్టీ చట్టం వచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అరెస్టయిన ఓడకు యజమాని పూచీకత్తు కడితే వదిలేస్తారు. కట్టకపోతే కోర్టు ఓడను వేలం వేసి, వచ్చిన డబ్బును వరుస ప్రకారం పంచుతుంది.

ఆ వరుసలో మొదటిది మారిటైమ్ లియన్, అంటే ఓడను అంటిపెట్టుకుని ఉండే హక్కు. అందులోనూ సిబ్బంది జీతాలు, ఇంటికి పంపే ఖర్చులే ముందు. తర్వాత ప్రాణనష్టం, గాయాల పరిహారం, ఓడను కాపాడినవారి ప్రతిఫలం, రేవు రుసుములు వస్తాయి. ఓడను తాకట్టు పెట్టుకున్న బ్యాంకు వీటన్నిటి తర్వాతే. ఓడ చేతులు మారినా ఈ హక్కు పోదు. అయితే గడువు ఉంది. జీతం బాకీకి రెండేళ్లు, మిగతా వాటికి ఏడాది. ఆలోపు ఓడ అరెస్టు కాకపోతే లియన్ పోతుంది.

నడిమధ్యలో వదిలేస్తే?

2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందంలో భారత్ 2015లో చేరింది. కనీసం రెండు నెలలు జీతం ఇవ్వకుండా యజమాని చేతులెత్తేస్తే సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం ఓడకు ఆర్థిక భద్రత తప్పనిసరి. దాని నుంచి నాలుగు నెలల వరకు జీతం బాకీ, తిండి, నీళ్లు, ఇంటికి చేరే ఖర్చు రావాలి. ఆ పత్రం ఓడలో అందరికీ కనబడేచోట అంటించి ఉండాలి. జెండా దేశం ఈ ఒప్పందంలో లేకపోతే మాత్రం ఈ రక్షణ మీద భరోసా పెట్టుకోలేం. జెండా సంగతి సంతకానికి ముందే చూసుకోవాల్సింది అందుకే.

ఇంట్లో ఉండాల్సినవి

* ఓడ పేరు, జెండా, ఐఎంఓ నంబర్
* ఉద్యోగ ఒప్పందం నకలు, యజమాని, ఏజెంటు చిరునామాలు
* జీతం రసీదులు, బ్యాంకు ఖాతా వివరాలు
* సీడీసీ, పాస్‌పోర్టు నకళ్లు

ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఉద్యోగం ఇప్పించినందుకు సిబ్బంది దగ్గర ఫీజు తీసుకోకూడదని ఒప్పందమే చెబుతోంది. లక్షలు అడిగితే అక్కడే అనుమానించాలి. జీతం రెండో నెల కూడా ఆగితే మూడో నెల కోసం ఎదురుచూడకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఓడ రేవులో ఉన్నంతసేపే దాన్ని ఆపడం సులువు.