శ్రీశైల యాత్రికుల సొమ్ము: సుంకం నుంచి సాఫ్ట్‌వేర్ వరకు

ఆర్థిక నేరాల నియంత్రణ అనగానే మీకు బ్యాంకులు, షేర్ మార్కెట్లు గుర్తుకు రావచ్చు. కాని ప్రజల సొమ్ము పోగయ్యే ప్రతిచోటా మూడు ప్రశ్నలు తప్పవు. వసూలు చేసేది ఎవరు? లెక్క రాసేది ఎవరు? ఆ లెక్కను సరిచూసేది ఎవరు? ఈ ప్రశ్నలకు కాలానుగుణంగా వచ్చిన సమాధానాలను శ్రీశైల క్షేత్ర చరిత్రలో పరిశీలిద్దాం.

నవాబు సుంకం

19వ శతాబ్దం తొలి దశకాల్లో శ్రీశైలం కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండేది. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి దారిలో ఈ క్షేత్రాన్ని దర్శించారు. నవాబు యాత్రికుల నుంచి రుసుము రాబడుతున్నా గుడి బాగోగులు పట్టించుకోవడం లేదని ‘కాశీయాత్ర చరిత్ర’లో నమోదు చేశారు. వసూలు చేసేవాడే పాలకుడు కావడంతో, లెక్క అడిగే హక్కు యాత్రికునికి లేకపోయిందని మీరు గమనించాలి.

1839లో ఈస్టిండియా కంపెనీ కర్నూలును స్వాధీనం చేసుకుంది. కొద్దికాలానికే ఆలయ వ్యవహారాల నుంచి తప్పుకోగా, శ్రీశైలం నిర్వహణ కడప ప్రాంతంలోని పుష్పగిరి పీఠానికి దక్కింది.

చట్టాల రాక

1863 నాటి మతధర్మాదాయాల చట్టం ధర్మకర్తలపై కోర్టుకు వెళ్లే వీలు కల్పించింది. 1927 నాటి మద్రాసు చట్టం పర్యవేక్షణకు ప్రత్యేక బోర్డును ఏర్పరచింది. 1951 చట్టంతో ఆ పని ప్రభుత్వ శాఖ చేతికి వచ్చింది. నేడు అమలులో ఉన్నది 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం. కార్యనిర్వహణాధికారి, బడ్జెట్, ఆడిట్ దీనిలో ముఖ్యాంశాలు. అంటే వసూలు, లెక్క, తనిఖీ క్రమంగా వేర్వేరు చేతులకు మారాయి.

కంప్యూటర్ కాలం

అయినా 2020 మే నెలలో, దర్శనం, అభిషేకం వంటి టికెట్ల అమ్మకాల్లో కోటి రూపాయలకు పైగా సొమ్ము పక్కదారి పట్టిందన్న కేసు బయటపడింది. సాఫ్ట్‌వేర్‌లోని లొసుగులను వాడుకున్నారన్న ఆరోపణపై, పొరుగు సేవల ఉద్యోగులతో సహా 20 మందికి పైగా పోలీసులు అరెస్టు చేశారు. హుండీ డబ్బును పదిమంది ఎదుట, సీసీ కెమెరాల నిఘాలో లెక్కిస్తారు. కంప్యూటర్‌లో ఒక ఎంట్రీ మారితే కంటికి కనిపించదు. కనుక ఎవరి లాగిన్‌తో, ఎప్పుడు, ఏ మార్పు జరిగిందో చూపే రికార్డు ఉండాలి. దానిని కౌంటర్‌తో సంబంధం లేని వ్యక్తి రోజూ బ్యాంకు జమతో సరిపోల్చాలి.

జాతీయ స్థాయిలో

నేరం ద్వారా వచ్చిన సొమ్మును సక్రమ ఆదాయంగా చూపడమే మనీ లాండరింగ్. దీనిని అరికట్టే 2002 నాటి చట్టం 2005 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. 2023 మార్చిలో దీని నియమాలను సవరించారు. దాని ప్రకారం లాభాపేక్ష లేని సంస్థ తమ ఖాతాదారు అయితే, ఆ సంస్థ వివరాలు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదయ్యేలా బ్యాంకులు చూడాలి. ఖాతా మూసిన తరువాత కూడా ఆ నమోదు రికార్డులను 5 సంవత్సరాలు భద్రపరచాలి.

ముగింపు

చట్టం తనిఖీ బాధ్యతను ఒకరికి అప్పగించగలదు. ఆ వ్యక్తి కాగితం తెరిచి చూడకపోతే నియమం పుస్తకంలోనే మిగులుతుంది. పల్లె నుంచి కాలినడకన వచ్చిన భక్తుడు చెల్లించిన 10 రూపాయలకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. నవాబుల కాలపు వసూలుకు, 1987 చట్టం కింద వసూలుకు గల తేడా ఏమిటి?
2. మీ ఊరి పొదుపు సంఘంలో వసూలు, లెక్క, తనిఖీ ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో రాయండి.