వైరసు తప్పులను లెక్కించిన విధము

తాళపత్ర గ్రంథములకు నకళ్లు వ్రాయు కాలములో లేఖకుడెంత జాగరూకుడైనను అక్కడక్కడ అక్షరము తప్పుచుండెడివాడు. తప్పులు మిక్కుటమైన ప్రతులను పారవైచిరనుకొందము. మిగిలిన ప్రతులను మాత్రమే చూచి, లేఖకుడు వేయి అక్షరములకు ఎన్ని తప్పులు చేసెనో చెప్పగలమా? మొక్కల వైరసులను పరిశీలించిన శాస్త్రజ్ఞులకు ఇట్టి చిక్కే ఎదురయ్యెను.

పొగాకు మొజాయిక్ తెగులు సోకిన ఆకులపై లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలసియుండును. ఒక్కొక్కప్పుడు వాని నడుమ పసుపుపచ్చని మచ్చ కనిపించును. 1933లో జెన్సెన్ అను శాస్త్రజ్ఞుడు అట్టి మచ్చలనుండి పసుపు తెగులు కలిగించు వైరసు రకములను వేరుచేసెను. వైరసునకును ఉత్పరివర్తనము కలదని ఇట్లు తేటపడసాగెను.

మారునది ఏమి? 1956లో జర్మనీలో గీరర్, ష్రామ్ అనువారు ఈ వైరసుయొక్క ప్రోటీను తొడుగును తొలగించి, లోపలి ఆర్.ఎన్.ఏ. ఒక్కటియే తెగులు కలిగింపజాలునని చూపిరి. 1958లో గీరర్, ముండ్రీ అనువారు నైట్రస్ ఆమ్లముతో ఆ ఆర్.ఎన్.ఏ.లో ఉత్పరివర్తనములను కలిగించిరి. ఇది దాదాపు 6,400 అక్షరముల లేఖనము. రెప్లికేజు అను ఎంజైము దీనికి నకళ్లు తీయును; కాని తాను వ్రాసినదానిని మరల సరిచూచుకొనదు.

ఇచ్చట రెండు విషయములను వేరుగా గ్రహింపవలెను. ఆకులోని వైరసులలో మారినవి నూటికెన్ని అనునది ఒకటి. ఒక్కసారి నకలు తీయునప్పుడు అక్షరమునకు తప్పు జరుగు అవకాశమెంత అనునది మరియొకటి; ఇదియే ఉత్పరివర్తన రేటు. తప్పులలో పెక్కు వైరసునకు హానికరములు. అట్టి నకళ్లు లెక్కకు రాకమునుపే నశించును. కావున బ్రతికినవానిని మాత్రమే లెక్కించినచో రేటు తక్కువగా తోచును.

2002లో స్పెయిను దేశమునకు చెందిన గార్సియా-అరెనాల్, అమెరికాకు చెందిన డ్రేక్, వారి సహచరులు దీనికొక ఉపాయము ప్రకటించిరి. వైరసు ఒక కణమునుండి ప్రక్క కణమునకు పోవుటకు ఒక ప్రోటీను కావలెను. దాని జన్యువు 804 అక్షరములు. ఆ జన్యువు చెడిన వైరసు పుట్టినచోటనే నిలిచిపోవును. అందుచే వారు ఆ ప్రోటీనును స్వయముగా తయారుచేయు పొగాకు మొక్కలలో వైరసును పెంచిరి. పందిరి దొరికిన తీగవలె చెడిన వైరసులును వ్యాపించెను. లెక్కింపగా నూటికి 2 మొదలు 5 వరకు వైరసులలో ఆ జన్యువు చెడియుండెను. మరియు పరీక్షించిన ఉత్పరివర్తితములలో నూటికి 35 వానిలో రెండు లేక అంతకెక్కువ తప్పులుండెను. తప్పులు ఒకదానితో నొకటి సంబంధము లేక పడినచో ఇన్ని జంటలు కూడవు. కొన్ని రెప్లికేజులు తక్కినవానికంటె ఎక్కువ తప్పులు చేయునేమోనని వారు తలచిరి.

2010లో స్పెయినులోనే ట్రోమాస్, ఎలెనా అనువారు పొగాకు ఎచ్ వైరసుపై ఇట్టి పద్ధతినే అనుసరించిరి. ఈసారి మొక్క సమకూర్చినది రెప్లికేజునే. తరమునకు, అక్షరమునకు రేటు పదిలక్షలలో ఒకటికిని లక్షలో ఒకటికిని నడుమ నుండెను. విద్యార్థులు స్వయముగా గుణించి చూడవచ్చును: ఈ వైరసు లేఖనము సుమారు 9,500 అక్షరములు, లక్షకొక తప్పు చొప్పున పది నకళ్లకు ఇంచుమించు ఒక క్రొత్త తప్పు వచ్చును.

ఇది స్వల్పమని తోచవచ్చును. కాని ఒక్క ఆకులో పుట్టు నకళ్లు కోట్లకొలది. తెగులును తట్టుకొను వంగడమును జయింపగల మార్పు వానిలో ఎక్కడనైన నుండవచ్చును. కావుననే వంగడములను రూపొందించువారికి ఈ రేటు తెలియుట అవసరము. నశించు నకళ్లను నిలుపగలిగిన పిమ్మటనే అది తెలిసెను.