పాపాయి పౌడరు డబ్బా: ఒక అమ్మమ్మ ఆలస్యంగా చదువుకున్న చరిత్ర

కిందటి ఏడాది మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళాను. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు. అందులో సగం పాపాయి సామానే. మరపట్టించిన సున్నిపిండి, శొంఠి, వాము, ఉతికి ఉతికి మెత్తబడిన నా పాత నేత చీరల గుడ్డలు, వాటి మధ్య భద్రంగా చుట్టిన మూడు పౌడరు డబ్బాలు.

బొడ్డు ఊడాక మొదటిసారి పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశాను. ఒళ్ళు తుడిచి, అలవాటు ప్రకారం పౌడరు డబ్బా అందుకోబోతే మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, పౌడరు వద్దమ్మా. ఇక్కడ డాక్టరుగారు వద్దన్నారు."

"నీకు రాశాను, మీ తమ్ముడికి రాశాను. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు కదే!" అన్నాను. దానికది మారు మాట్లాడలేదు. కానీ నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. వద్దన్నారన్న బాధ కన్నా, ఇన్నాళ్ళూ నా చేతులతో నేనే పిల్లలకి చెడు చేశానా అన్న భయం ఎక్కువైంది. కొత్త ఊళ్ళో ఎలాగూ నిద్ర పట్టదు. ఆ రాత్రుళ్ళు కూర్చుని పౌడరు కథ చదవడం మొదలుపెట్టాను. చదివినదంతా మీకూ చెప్పాలనిపించింది.

అసలీ పౌడరు దేనితో చేస్తారు? టాల్క్ అనే రాయితో. అది మనకి కొత్తదేం కాదు. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం గుర్తుందా? ఆ మెత్తరాయిలో ఉండేది ముఖ్యంగా టాల్కే. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే లెక్కలో వజ్రం 10, టాల్క్ 1. గోటితో గీస్తే గీత పడుతుంది. మన నంద్యాల జిల్లా బేతంచెర్ల వైపు ఈ రాయి గనులున్నాయి. దీన్ని మెత్తగా పొడి చేస్తే జారుడుగా ఉంటుంది, చర్మం మీద తడిని, ఒరిపిడిని తగ్గిస్తుంది. అందుకే ఒళ్ళు ఒరుసుకుపోకుండా వాడారు.

పసిపిల్లల పౌడరు పుట్టుక కూడా ఒంటి మంటతోనే మొదలైంది. 1890లలో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఒంటికి అతికించే మందు పట్టీలు అమ్మేది. వాటి వల్ల చర్మం మండుతోందని ఒక డాక్టరు ఫిర్యాదు రాస్తే, కంపెనీలో శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కిల్మర్ ఇటలీ నుంచి వచ్చిన టాల్క్ పొడి కొంచెం పంపి, రాసి చూడమన్నారట. అది బాగా పనిచేసింది. 1894 నాటికి పిల్లల పౌడరుగా అమ్మకానికి వచ్చింది, కాన్పు సామాను పెట్టెల్లో కూడా చేరింది. 1947లో మన దేశానికీ వచ్చింది. నెమ్మదిగా మన బాలింతల గదిలో సాంబ్రాణి పక్కన పౌడరు డబ్బా చేరిపోయింది. పురుడు చూడటానికి వచ్చేవాళ్ళు సబ్బు, పౌడరు, నూనె ఉన్న బహుమతి పెట్టె తేవడం మర్యాద అయింది. ఆ వాసనే పసిపిల్లల వాసన అనుకునేంతగా అలవాటు పడ్డాం.

ఇక దాని వల్ల వచ్చిన కష్టాల సంగతి. ఇవి మూడు రకాలు. మూడూ వేరు వేరు కథలు. మనం వాటిని కలిపేసి "పౌడరు విషమట" అనేస్తాం, అందుకే భయమే తప్ప వివరం తెలియదు.

మొదటిది ఊపిరి. పౌడరు ఎంత మెత్తగా ఉంటే అంత తేలిగ్గా గాలిలో లేస్తుంది. గుడ్డ మారుస్తున్నప్పుడు పిల్లవాడు డబ్బా లాక్కుని ముఖం మీద ఒంపుకుంటే, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడకుండా చేస్తుంది. ఇలా ప్రాణం పోయిన పిల్లలూ ఉన్నారు. 1981లోనే అమెరికా పిల్లల వైద్యుల పత్రిక ఈ ప్రమాదం గురించి రాసింది. మా అమ్మాయికి డాక్టరుగారు చెప్పింది ముఖ్యంగా దీని గురించే. ఇందులో కల్తీ లేదు, కంపెనీ మోసం లేదు. పొడి పొడిలాగే ఉండటమే ప్రమాదం. మొక్కజొన్న పిండితో చేసినదైనా ముఖం దగ్గర దులిపితే ఊపిరిలోకి పోతుంది.

రెండోది చదివినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. 1960లలో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారకం చాలా గొప్ప మందు. అమెరికా ఆస్పత్రుల్లో పుట్టిన బిడ్డలకి చీము పొక్కులు రాకుండా ఈ మందు 3 శాతం ఉన్న ద్రవంతో స్నానం చేయించేవారు. సబ్బుల్లో, ఒంటి వాసన పోగొట్టే వాటిల్లో కూడా కలిపేవారు. క్రిమిని చంపేది మంచిదే కదా అని అందరి నమ్మకం. అది పసి చర్మం లోంచి రక్తంలోకి ఇంకి మెదడుకి హాని చేస్తుందని తర్వాత తెలిసింది.

1972లో ఫ్రాన్సులో కొందరు పసిపిల్లలకి గుడ్డ కట్టే చోట చర్మం ఎర్రబడి పుండ్లు పడ్డాయి. తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఎవరికీ కారణం అంతుపట్టలేదు. ఆ పిల్లలందరికీ వాడింది మొరాంజ్ అనే టాల్క్ పౌడరు అని చివరికి తేలింది. తయారీలో జరిగిన పొరపాటు వల్ల ఒక విడత పౌడరులో హెక్సాక్లోరోఫీన్ కలిసిపోయింది, అదీ 6 శాతం పైగా. 204 మంది పిల్లలు జబ్బు పడ్డారు. 36 మంది పోయారు.

ఒక్కసారి ఆ తల్లుల్ని తలుచుకోండి. బిడ్డకి అక్కడ ఎర్రబడితే ఏం చేస్తాం? శుభ్రంగా తుడిచి పౌడరు అద్దుతాం. ప్రేమతో చేసే పనే అది. డబ్బాలో ఏముందో చూసి కనుక్కోవడానికి వాళ్ళకి దారి లేదు. అది అసలు అందులో ఉండవలసిందే కాదు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం హెక్సాక్లోరోఫీన్ ఎక్కువగా ఉన్న సరుకు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కట్టడి చేసింది. చట్టం వచ్చింది గానీ, పిల్లలు పోయాక వచ్చింది.

మూడోది రాతినార. మనం ఇంటి కప్పుకి వేసే సిమెంటు రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ అన్నమాట. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత క్యాన్సరు వస్తుందన్నది రుజువైన సంగతి. పౌడరుకీ దానికీ ఏం సంబంధం అంటారా? టాల్క్, రాతినార రెండూ మెగ్నీషియం ఉన్న రాళ్ళే. భూమిలో ఒకేలాంటి వేడికి, ఒత్తిడికి పుడతాయి. మన రాయలసీమనే చూడండి. వేంపల్లె పేరుతో పిలిచే డోలమైటు రాళ్ళ పొరల్లోనే ఒకచోట బలపపు రాయి దొరుకుతుంది, పులివెందుల వైపు రాతినార దొరుకుతుంది. అందుకని కొన్ని గనుల్లో టాల్క్ పక్కనే రాతినార పోగులు ఉండే అవకాశం ఉంది. రాయి ఏ గనిది, ఎలా పరీక్షించారు అన్నదే అసలు ప్రశ్న.

1976లో అమెరికా కాస్మెటిక్స్ వ్యాపారులు ముఖానికి, ఒంటికి వాడే టాల్క్‌లో రాతినార ఉండకూడదని తమకు తామే నియమం పెట్టుకున్నారు. వాళ్ళు ఎంచుకున్న పరీక్ష 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే పట్టుకోలేదు. "కనబడలేదు" అన్నదానికీ "లేదు" అన్నదానికీ ఎంత తేడా ఉందో బియ్యంలో రాళ్ళు ఏరిన మనకి వేరే చెప్పాలా!

ఈలోపు ఆడవాళ్ళ సంగతి ఇంకోటి బయటికి వచ్చింది. స్నానం తర్వాత లోపలి భాగాల్లో పౌడరు వేసుకునే అలవాటుకీ అండాశయ క్యాన్సరుకీ సంబంధం ఉండవచ్చని 1982లో హార్వర్డ్ పరిశోధకుడు డేనియల్ క్రేమర్ బృందం రాసింది. తర్వాత వచ్చిన పరిశోధనలు అటూ ఇటూ చెప్పాయి. 2020లో రెండున్నర లక్షల మంది ఆడవాళ్ళ వివరాలు కలిపి చూస్తే గట్టి సంబంధం తేలలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మాత్రం టాల్క్‌ని "బహుశా క్యాన్సరు కలిగించేది" అనే వర్గంలో చేర్చింది. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది గానీ, వాడిన వాళ్ళలో ఎంతమందికి వస్తుందో చెప్పదు. ఇది గుర్తు పెట్టుకుంటే సగం భయం తగ్గుతుంది.

కోర్టుల్లో వేల కేసులు పడ్డాయి. 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ జాన్సన్ కంపెనీ పాత కాగితాలు చదివి, 1971 నుంచి 2000ల మొదటి ఏళ్ళ దాకా కొన్ని పరీక్షల్లో కొద్దిపాటి రాతినార కనబడిందని రాసింది. మా పౌడరు సురక్షితమే, అందులో రాతినార లేదని కంపెనీ మొదటి నుంచీ అంటూనే ఉంది. 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ పౌడరు అమ్మడం ఆపింది. 2023లో ప్రపంచమంతటా ఆపి మొక్కజొన్న పిండికి మారింది. అంటే అక్కడి పిల్లలకి ఆపేశాక కూడా కొన్నాళ్ళు మన పిల్లలకి అమ్మారు. ఈ మాట మా అమ్మాయితో అంటే, "మరి మీరెవరూ అడగలేదేమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇదంతా విని "మన పాత పద్ధతులే మంచివి" అనుకోకండి. నేనూ అలాగే అనుకోబోయాను. బజారులో దొరికే సుర్మాలో సీసం ఉన్న రాతిపొడి ఉంటుంది, అది పిల్లల మెదడుకి చేటు. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పసి ఊపిరికి మంచిది కాదు. పాతది అన్నంత మాత్రాన, ఇంట్లో చేసింది అన్నంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. అలాగే పేరు పలకలేని రసాయనం అన్నంత మాత్రాన చెడ్డదీ కాదు. పిరుదులు ఒరుసుకుపోతే డాక్టర్లు రాసే క్రీముల్లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, అదీ రసాయనమే.

ఇంతకీ మా పాపకి ఏం చేస్తున్నామంటారా? తడి గుడ్డ వెంటనే మారుస్తున్నాం. మెడ ముడతలు, తొడ ముడతలు నా పాత చీర గుడ్డతో ఒత్తి ఆరబెడుతున్నాం. ఎర్రబడితే డాక్టరుగారు చెప్పిన క్రీము పల్చగా రాస్తున్నాం. అంతే. ఏదైనా కొత్తగా కొనేటప్పుడు ఇది అసలు అవసరమా అని ముందు అడుగుతాను. తర్వాత డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువుతాను. కళ్ళజోడు పెట్టుకుని మరీ.

మా అమ్మాయికి ఇదంతా చెప్పి, "నీకు నేనేం చెడు చెయ్యలేదు కదా?" అని అడిగాను. అది నవ్వి, "నీకు తెలిసింది నువ్వు చేశావు. ఇప్పుడు తెలిసింది నేను చేస్తున్నాను. రేపు దీని కూతురు నన్ను ఏం తిడుతుందో!" అంది. పాప మాత్రం ఇవేమీ పట్టకుండా నా ఒళ్ళో నిద్రపోయింది.

ఆ మూడు డబ్బాల్లో ఒకటి వచ్చేటప్పుడు తిరిగి తెచ్చుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో పిల్లలొస్తే క్యారమ్స్ బోర్డు మీద చల్లుకుందామనుకున్నాను. రాసేటప్పుడే గుర్తొచ్చింది, అదీ గాల్లో లేచే పొడే కదా అని. ఇప్పుడే తీసి చెత్తబుట్టలో పడేశాను.