ఫైలు వెనక దారం

“ఫైలు పైకెళ్ళింది”, “ఫైలు కదలటం లేదు”, “ఫైలు కనపడటం లేదు” - ఉద్యోగస్తులున్న ఏ ఇంట్లోనైనా వినపడే మాటలే ఇవి. ఎక్కేదీ, మొండికేసేదీ, మాయమయ్యేదీ అయిన ఈ ఫైలు అసలేమిటనుకున్నారు? ఒక దారప్పోగు!

లాటిన్‌లో ‘ఫీలుమ్’ అంటే దారం. అది ఫ్రెంచిలోకి వచ్చి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి దిగింది. 16వ శతాబ్దపు ఇంగ్లండులో ఫైలంటే అట్ట కాదు, కాగితాలు గుచ్చిపెట్టుకునే దారమో, తీగో. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టు గుచ్చేస్తే వరస తప్పదు, గాలికి ఎగిరిపోదు. తర్వాత తర్వాత ఆ దారం పేరు కాగితాల కట్టకీ, ఆపైన అట్టకీ వచ్చింది. 1956లో ఐబియం వారు పళ్ళేల్లాంటి డిస్కుల మీద లెక్కలు దాచే యంత్రాన్ని తెచ్చి, దాన్నీ ఫైలనే అన్నారు. ఇవాళ సెల్‌ఫోనులోని ఫైలుకి దారమూ లేదు, కాగితమూ లేదు. పేరు మాత్రం మిగిలింది.

బల్బులో వెలిగే ఫిలమెంటూ, సిపాయిలు ఒకరి వెనక ఒకరు నడిచే ఫైలూ ఈ దారానికి పుట్టిన పిల్లలే. గోళ్ళు అరగదీసే ఫైలు మాత్రం ఈ ఇంటిది కాదు. పేరొకటే గాని చుట్టరికం లేదు.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? తాటాకులకి చిల్లులు పొడిచి, తాడు గుచ్చి కట్టినవే మన గ్రంథాలు. గ్రంథమన్న మాటలోనే ముడి ఉంది. సూత్రమంటే సాక్షాత్తూ దారమే. మంగళసూత్రంలో సూత్రం అదేగా!

అన్నట్టు, నాయనమ్మల నాటి ఇళ్ళల్లో గోడకి వేలాడే ఇనపతీగ గుర్తుందా? పైన కొక్కెం, అడుగున చెక్కబిళ్ళ. కార్డుముక్కలూ, పాల చీటీలూ, పన్ను రసీదులూ అన్నీ దానికే గుచ్చేవారు. అసలు సిసలు ఫైలు అదే.

ఆ తీగ వరకూ ఆడవాళ్ళ చేతికి అందేది. ఇంటి దస్తావేజులూ, బ్యాంకు కాగితాలూ, ఇన్సూరెన్సు పాలసీలూ ఉన్న ఫైలు మాత్రం అయ్యగారి బీరువాలో! ఆయన ఉన్నట్టుండి పోతే, ఫామిలీ పెన్షనుకి ఏ కాగితం కావాలో, అదెక్కడుందో తెలియక కళ్ళు తుడుచుకుంటూ సొరుగులన్నీ వెతుక్కున్న ఇల్లాళ్ళు ఎందరో! ఆఫీసులో ఫైలు కదలాలంటే ముందు ఇంట్లో ఫైలు దొరకాలి కదండీ.

ఈ ఆదివారం ఆ ఫైలు కిందికి దింపించండి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏ కాగితం ఏమిటో చెప్పించుకోండి. మెడలో సూత్రం ఎలాగూ ఉంది. ఈ దారం కొస కూడా మీ చేతిలో ఉండనివ్వండి.