రాసిపెట్టని ఊరిసాయం

మా కమలాపురంలో పేరు పదికాలాలు నిలవాలంటే శంకుస్థాపన రాయి మీదకైనా ఎక్కాలి, ఫ్యాను రెక్క మీదకైనా ఎక్కాలి. రాయి ఎక్కడానికి పదవి కావాలి. రెక్కకు రెండు మూడు వేలు చాలు. గుడికో మసీదుకో బడికో ఒక ఫ్యాను ఇస్తే దాత పేరు, తండ్రి పేరు, వీలైతే కువైట్‌లో ఉన్న కొడుకు పేరు కూడా ఎర్ర రంగుతో రాయిస్తారు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనపడదు. కరెంటు పోయినప్పుడే దాత ఎవరో తెలుస్తుంది.

ఈ రెండిటి మీదకీ ఎక్కనివాళ్లే ఊళ్లో ఎక్కువ. ఏట్లో కాలువలు తవ్వినవాళ్లు, ఉరుసుకు అన్నం వార్చినవాళ్లు, ఎండాకాలం చలివేంద్రం కుండలు కడిగి నింపినవాళ్లు. ఊరి చరిత్ర రాద్దామని కూర్చుంటే పాలెగాళ్లు, కలెక్టర్లు, ఎమ్మెల్యేలు సులభంగానే దొరుకుతారు. వీళ్లు దొరకరు.

కొత్తవాళ్ల కోసం ఊరి గురించి రెండు మాటలు. కడప నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు వచ్చి పాపఘ్ని ఏరు దాటితే కమలాపురం. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టిన ఈ ఏరు గాలివీడు దగ్గర వెలిగల్లు జలాశయం నింపి, వేంపల్లె దగ్గర గండిలో కొండను చీల్చుకుని వచ్చి, మా దాపున పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు చూడ్డానికి ఇసుకే. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలు దారి మా ఊరి మీదుగానే పోతుంది. 1871లో రాయచూరు దగ్గర రెండు రైలు కంపెనీల పట్టాలు కలిసి ఆ దారి పూర్తయింది. 1985లో మండలాలు వచ్చేదాకా ఇది తాలూకా కేంద్రం. ఈమధ్య నగర పంచాయతీ అయింది.

ఆ పాత తాలూకాలోనే కలమళ్ల, ఎర్రగుడిపాడు ఉండేవి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన కలమళ్ల శాసనం 575 ప్రాంతానిదని, దొరికినవాటిలో తొలి తెలుగు శాసనం అదేనని పండితులు అంటారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు అందరి నోటా దాని పేరే. నాకు మాత్రం ఎర్రగుడిపాడు శాసనం మీదే మనసు. అందులో యుద్ధాల ఊసు లేదు, బిరుదుల మోత లేదు. ఒక భూమి దానం సంగతి, ఇచ్చిన వారెవరు, పుచ్చుకున్నదెవరు, సాక్షులుగా నిలిచిన రాజులెవరు, అంతే. పద్నాలుగు వందల ఏళ్ల కింద మా నేల మీద ఒక మంచిపని జరిగితే దానికి సాక్షుల పేర్లతో సహా లెక్క రాసిపెట్టారు. ఆ అలవాటు మనకు ఎక్కడ తప్పిపోయిందో వెతకడమే ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని.

ముందు ఊటకాలువల సంగతి. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. ఎండిన ఏటి ఇసుకలో వాలు చూసి పొడుగ్గా కాలువ తవ్వితే, ఇసుక అడుగున పారే నీళ్లు ఊరి దాంట్లోకి దిగుతాయి. వాటిని గట్టు దాటించి పొలాలకు పారించుకుంటారు. వరద వచ్చిందంటే కాలువ పూడిపోతుంది కాబట్టి ఏటా మళ్లీ తవ్వాల్సిందే. పెన్న, పాపఘ్ని, చెయ్యేరు ఒడ్డు పల్లెల్లో బోర్లకు ముందు చాలా సేద్యం ఈ నీళ్ల మీదే నడిచింది. ఒక ఇంటివాళ్లు చేయగలిగిన పని కాదిది. ఎవరికెంత మాగాణి ఉంటే అంత వంతు, ఆ వంతుకు తగ్గ మనుషులు పార, గంప పట్టుకొని రావాలి. చెరువు కట్టలకూ ఇదే పద్ధతి. మద్రాసు రాజధాని అంతటా ఉన్న ఈ వాడుకను దొరలు కుడిమరామత్తు అని రికార్డుల్లో రాసుకున్నారు. 1858లో దీనికి చట్టం కూడా చేశారు. కట్ట తెగేటట్టు ఉంటే ఊరివాళ్లను పిలిచి పని చేయించవచ్చు. వాడుక ప్రకారం రావలసినవాడు రాకపోతే ఆ పని విలువకు రెండింతలు వసూలు చేయవచ్చు.

ఇదంతా విని మన పెద్దలు ఎంత ఐకమత్యంగా బతికారో అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు. వంతు భూమి ఉన్నవాడిది, పార పట్టింది చాలాచోట్ల వాడి పాలేరు. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు తవ్విన కాలువలో నీళ్లు పారింది ఎవరి మడికో చెప్పనక్కరలేదు. కలిసి చేయడం నిజమే. కలిసి పంచుకోవడం అన్నిసార్లూ నిజం కాదు. కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక ఊటకాలువ అవసరం తీరిపోయింది. తర్వాత ఏట్లో ఇసుకే తరిగిపోయింది. తవ్వినవాళ్ల పేర్లు ఏ కరణం దస్తరంలోనూ ఎక్కలేదు. రానివాళ్ల మీద వేసిన వసూళ్లయితే ఎక్కి ఉంటాయి.

పనికి రమ్మని కబురు ఎట్లా అందేది? తలారి దండోరా వేసేవాడు. రచ్చకట్ట దగ్గర మొదలుపెట్టి వీధి వీధికీ ఆగి చాటేవాడు. మైకులు వచ్చాక ఆ పని గుడికీ మసీదుకీ చేరింది. ఎవరు పోయారు, మన్ను చేసేది ఎన్ని గంటలకు, ఎవరి మేక తప్పిపోయింది, మోటారు చెడి రేపు కొళాయి రాదు, అన్నీ మైకులోనే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మా ఊరి చలివేంద్రం కూడా ఫొటోతో అచ్చులోకి వచ్చింది. ఫొటోలో కొబ్బరికాయ కొట్టినాయన మాత్రం ఉండేవాడు. రెండు నెలలు నీళ్లు పోసిన ముసలమ్మ ఉండేది కాదు. ఇప్పుడు వార్డుకొక వాట్సాప్ గ్రూపు. ‘అర్జెంట్, ఓ నెగెటివ్ రక్తం కావలెను, కడప రిమ్స్’ అని ఒకరు పెడితే పది నిమిషాల్లో ఇద్దరు బయల్దేరతారు. అది నిజంగా గొప్ప సంగతి. ఆ రోగి బతికాడా, వెళ్లిన ఇద్దరూ ఎవరు అన్నది మాత్రం మరునాటి గుడ్ మార్నింగ్ పూలగుత్తుల కింద పడి పోతుంది.

కమలాపురం ఎట్లా పని చేస్తుందో చూడాలనుకుంటే గఫారియా దర్గా ఉరుసుకు రావాలి. గంధం ఊరేగింపు, రాత్రంతా ఖవ్వాలీ, ఎద్దుల బండలాగుడు పోటీలు. దూరాభారాల నుంచి జనం దిగుతారు. పోటీ ఎద్దులతో వచ్చేవాళ్లు సొంత బిడ్డలకు పెట్టనంత శ్రద్ధగా వాటికి ఉలవలు పెడతారు. అందరి కళ్లూ బండ ఎన్ని అడుగులు లాగారన్న దాని మీదే. నా కళ్లు మాత్రం వెనకవైపు పోతాయి. అంతమందికి నీళ్లు ఎవరు పట్టారు, డేగిసాలు ఎవరు మోశారు, మూడో రోజు పొద్దున ఆ విస్తళ్లన్నీ ఎవరు ఎత్తారు? బియ్యం బస్తా దింపే మనిషి ఏ మతంవాడని మా ఊళ్లో ఎవరూ అడగరు. కడప జిల్లాలో ఇది వింతేమీ కాదు. ఉగాదినాడు దేవుని కడప వెంకన్నకు ముస్లిములు బియ్యం, బెల్లం, చింతపండు తెచ్చి ఇస్తారు. పీర్ల పండగలో గుండం చుట్టూ తిరిగేవాళ్లలో చాలామంది హిందువులే. కరోనా రెండో అలలో సొంతవాళ్లే దగ్గరికి రావడానికి జంకిన శవాలను రాయలసీమలో చాలాచోట్ల ముస్లిం యువకులు మోసి, ఎవరి ఆచారం ప్రకారం వాళ్లకు అంత్యక్రియలు చేశారు. వినాయక చవితికి లడ్డు వేలం ఎంతకు పోయిందో ఏళ్ల తరబడి చెప్పుకునే ఊళ్లు, ఆ శవాలు మోసినవాళ్లు ఎందరో చెప్పలేవు.

2021 నవంబరు సంగతే తీసుకోండి. 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. వెలిగల్లు గేట్లు ఎత్తడంతో పాపఘ్ని పొంగింది. 20వ తేదీ అర్ధరాత్రి దాటాక మా వంతెన కూలింది. కడపకు దారి తెగింది. అప్పటిదాకా వరద వస్తే పిల్లలను చంకనేసుకుని చూడ్డానికి పోయే ఏరు అది. ఉద్యోగాలకు, ఆసుపత్రికి, కాలేజీకి ఎటు పోవాలన్నా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. ఆ వారంలో జిల్లా నలుమూలల నుంచి పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లకు అన్నం పొట్లాలు, దుప్పట్లు, నీళ్ల సీసాలు వెళ్లాయి. మా ఊరి నుంచీ వెళ్లాయి. ఎన్ని వెళ్లాయి, డబ్బు ఎవరు వేశారు, వండింది ఎవరి ఇంట్లో అని ఇప్పుడు ఇద్దరిని అడిగితే మూడు లెక్కలు చెబుతారు. జరిగి ఇంకా పదేళ్లన్నా కాలేదు. ఇంకో తమాషా ఉంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పుస్తకాల పండగ ముగిసిన రాత్రే, పుస్తకంలో ఎక్కవలసిన ఘటన మా ఊళ్లో జరిగింది. ఎక్కలేదు.

ప్రభుత్వం వాలంటీర్లను పెట్టిన కాలం కూడా ఊరి చరిత్రలో భాగమే. 2019 ఆగస్టు 15న మొదలైంది. పల్లెల్లో యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. పొద్దునే తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టినందుకు ముసలివాళ్లు దీవించారు. ఎవరింట్లో ఏముందో పార్టీకి చేరవేస్తారని తిట్టినవాళ్లూ ఉన్నారు. 2024 ఎన్నికల ముందు వాళ్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించారు; ఆ ఏడాది జులై నుంచి సచివాలయ ఉద్యోగులే పంచారు. మంచిదో చెడ్డదో నేను తేల్చను. ఒకటి చెబుతాను. ఆ ఐదేళ్లలో ఇంటింటి లెక్కంతా సెల్‌ఫోన్ యాపుల్లోకి పోయింది. ఊరి చేతిలో ఒక్క కాగితం మిగల్లేదు.

మనవాళ్లకు రాయడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. ఏ ఇంటికైనా పోయి ముప్పై ఏళ్ల కింద జరిగిన పెళ్లి చదివింపుల పుస్తకం అడగండి. పెట్టె అడుగు నుంచి తీసి చూపిస్తారు. ఎవరు 51 చదివించారు, ఎవరు 116, ఎవరు ఇత్తడి బిందె తెచ్చారు, అన్నీ ఉంటాయి. అది తిరిగి తీర్చవలసిన బాకీ కాబట్టి భద్రంగా ఉంది. ఊరికి చేసిన సాయం తీర్చనక్కరలేదు కాబట్టి ఆ పుస్తకం పోతుంది. వినాయకుడి చందా పుస్తకాలైతే చాలాసార్లు విగ్రహంతో పాటే నిమజ్జనం.

ఇక నిజంగా రికార్డు ఉన్నది పొదుపు సంఘాల ఆడవాళ్ల దగ్గర. రోజుకు రూపాయి దాచుకుంటూ మొదలైన సంఘాలవి. ప్రతి సమావేశానికీ తీర్మానాల పుస్తకం తెరుస్తారు. ఎవరు వచ్చారు, ఎవరికి అప్పు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, కింద సంతకాలు, సంతకం రానివాళ్ల వేలిముద్రలు. బర్రె కొన్నది, కొడుకు ఫీజు కట్టింది, భర్త ఆపరేషన్, అన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. ఎర్రగుడిపాడు శాసనానికి అసలైన వారసులు వీళ్లేనని నా నమ్మకం. మా ఊరి పాతికేళ్ల చరిత్ర ఎవరైనా రాయాలనుకుంటే పంచాయతీ ఆఫీసుకు కాదు, ముందు ఈ పుస్తకాల దగ్గరికి రావాలి.

మన పిల్లలు ఇప్పుడు చదువులకు ఇంగ్లండు పోతున్నారు కదా, అక్కడి పల్లెల పద్ధతి ఒకటి తెలుసుకోదగ్గది. 1538లోనే థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి చర్చి పరిధి (పారిష్)లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో ఎక్కించడం మొదలైంది. 1894 చట్టంతో ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లు వచ్చాయి. ఇప్పటికీ చాలా పల్లెలకు సొంత వార్తాపత్రం ఉంటుంది. అందులో రాతలు ఇట్లా ఉంటాయి: వచ్చే శనివారం కాలిబాట పక్కన ముళ్లకంప కొడుతున్నాం, చేతితొడుగులు తెచ్చుకోండి. ముసలివాళ్లను ఆసుపత్రికి కారులో తీసుకెళ్లడానికి ఈ నెల వంతు ఫలానావారిది. కమ్యూనిటీ హాలు పైకప్పుకు ఇంత వసూలైంది. చదివితే ఆవులింత వస్తుంది. కానీ నూరేళ్ల తర్వాత చరిత్రకారుడు ఆ ఊళ్లో అడుగుపెడితే ముందు అడిగేది ఆ కాగితాలనే.

దొరల గొప్ప చెప్పడం నా ఉద్దేశం కాదు. మన కరణాలు చెప్పగా సర్వేయరు దొర మెకంజీ మనుషులు రాసుకున్న కైఫీయత్తులు మన ఊళ్ల కథలే. వాటికి నకళ్లు రాయించి కాపాడింది సి.పి.బ్రౌను. ఆ బ్రౌను పేర కడపలో గ్రంథాలయం లేచింది మళ్లీ ఊరిసాయంతోనే. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు గడప గడపా ఎక్కి చందాలు అడిగారు. 1987లో పునాది రాయి పడితే తలుపులు తెరుచుకునేసరికి 1995 అయింది. మా పాత తాలూకాలోని రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నారు. ఊళ్ల పేర్ల పని ఆయన చేసి వెళ్లారు. ఊళ్లో మనుషుల పేర్ల పని మిగిలింది. దానికి డాక్టరేటు అక్కరలేదు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి. కాబట్టి శాఖా గ్రంథాలయంలో ఒక మూల అడిగే హక్కు మనకుంది. అక్కడ ఒక లావుపాటి దస్తరం పెడదాం. తేదీ, జరిగిన పని, డబ్బు ఇచ్చినవాళ్లు, ఒళ్లు వంచి చేసినవాళ్లు, చూసిన సాక్షులు ఇద్దరు. వంట మనిషి పేరు, విస్తళ్లు ఎత్తిన మనిషి పేరు తప్పకుండా ఉండాలి; అవి లేకపోతే అది కూడా ఇంకో ఫ్యాను రెక్కే అవుతుంది. రాసే పని పొదుపు సంఘంలో లెక్కలు రాసే అమ్మాయికి అప్పగిస్తే తప్పులు దొర్లవు, పార్టీ చూసి పేర్లూ ఎగిరిపోవు. వరదప్పుడు పొట్లాలు కట్టినవాళ్లు, కరోనాలో శవాలు మోసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ముందు వాళ్లతో మొదలుపెడదాం. మీ ఇంట్లో అటక మీద పాత చందా పుస్తకమో, ఉరుసు కరపత్రమో, శ్రమదానం ఫొటోనో ఉంటే పాత పేపర్లవాడికి తూకం వేసే ముందు దయచేసి ఒకసారి గ్రంథాలయానికి పట్టుకురండి.