విరిగిన చేతితో డెబ్బై ఆరు నిమిషాలు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను మన పాత తాలూకా కచేరీల గురించి రాస్తాననుకొని ఉంటారు. నేను ఎంచుకున్నది మాత్రం ఇంగ్లండుకు చెందిన ఒక ఆటగాడి సంగతి. ఎందుకు ఎంచుకున్నానో చివరికి మీకే బోధపడుతుంది.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని వారింగ్టన్‌లో ఉంటున్నాడు. మొన్నామధ్య అక్కడ ఆరు నెలలు ఉండివచ్చాను. పక్కింటి పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. పెన్షనరుకు పెన్షనరే తోడు కదా, రోజూ సాయంత్రం ఆయనతోనే నా కాలక్షేపం. ఆ ప్రాంతం వారికి క్రికెట్ కంటే రగ్బీ లీగ్ మీద మక్కువ ఎక్కువ. ఆయన చెప్పగా విన్నదీ, తరువాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఆ ఆట పుట్టుక చెప్పాలి. అది మనబోటి జీతగాళ్లకు బాగా అర్థమవుతుంది. ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడేవారిలో చాలామంది గనులలో, మిల్లులలో పనిచేసే కూలీలు. శనివారం కూడా పనిదినమే. ఆటకు వెళితే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి ఇప్పించమని క్లబ్బులు అడిగితే, ఆటకు డబ్బు పుచ్చుకోవడం మర్యాద కాదని పై సంఘం వారు కాదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమై, ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరు సంఘం పెట్టుకున్నాయి. కూలి నష్టానికి రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వవచ్చని నిర్ణయించుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే, ‘లాస్ ఆఫ్ పే’ పేచీ మీద ఒక ఆటే రెండుగా చీలిపోయింది! 1906లో జట్టుకు పదిహేను మందిని పదముగ్గురుగా తగ్గించారు. వారిలో ఆరుగురు ఫార్వర్డ్‌లు. బరువు మోసేదీ, గుద్దుకునేదీ, దెబ్బలు తినేదీ ఎక్కువగా వారే.

అటువంటి ఫార్వర్డ్ అలన్ ప్రెస్కాట్. 1927లో విడ్నెస్ అనే రసాయన కర్మాగారాల ఊళ్లో పుట్టాడు. మొదట హాలిఫాక్స్ క్లబ్బులో అంచున పరుగెత్తే వింగర్‌గా ఆడాడు. 1949లో సెయింట్ హెలెన్స్ క్లబ్బుకు మారాడు. అది గాజు కర్మాగారాల ఊరు. ఒళ్లు బరువెక్కిన కొద్దీ వెనక్కి తగ్గకుండా ముందు వరుసకు వచ్చి, ప్రాప్ స్థానంలో స్థిరపడ్డాడు. 1956లో సెయింట్ హెలెన్స్ మొట్టమొదటిసారి ఛాలెంజ్ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. వెంబ్లీ మైదానంలో 13–2 తేడాతో ఓడిపోయిన ఎదుటి జట్టు ఏదనుకున్నారు? ఆయన పాత క్లబ్బు హాలిఫాక్సే. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ కూడా ఆయనకే దక్కింది.

1958లో బ్రిటన్ జట్టుకు కెప్టెన్‌గా ఆస్ట్రేలియా వెళ్లాడు. సిడ్నీలో మొదటి టెస్టు 25–8తో ఓడిపోయారు. రెండోది కూడా ఓడితే సిరీస్ పోయినట్టే. జూలై 5న బ్రిస్బేన్‌లో ఆట మొదలైన నాలుగో నిమిషంలో ప్రెస్కాట్ కుడి ముంజేయి విరిగింది. ఆనాటి నిబంధనల ప్రకారం గాయపడినవాడి బదులు ఇంకొకరిని దింపడానికి వీల్లేదు. ఆయన బయటికి వెళితే జట్టు పన్నెండు మందితో ఆడవలసిందే. ఆయన వెళ్లలేదు. కొంతసేపటికి డేవిడ్ బోల్టన్‌కు కాలర్ బోన్ విరిగి బయటికి పోవలసివచ్చింది. మరి ముగ్గురు దెబ్బలతోనే ఆడారు. ఆడవద్దని డాక్టరు చెప్పినా వినకుండా, కుడిచెయ్యి వేలాడుతుండగా ఎడమచేత్తోనే ఎదుటివారిని పట్టుకుంటూ, చివరి నిమిషం దాకా ప్రెస్కాట్ మైదానంలోనే ఉన్నాడు. బ్రిటన్ 25–18తో గెలిచింది. సిడ్నీలో మూడో టెస్టు 40–17తో గెలిచి సిరీస్ దక్కించుకుంది. ఆ మూడో టెస్టులో కెప్టెన్ లేడు. అంతే కాదు, ఆపైన ఇంకెన్నడూ ఆయన టెస్టు ఆడలేదు. ఆయన ఇరవై ఎనిమిది టెస్టులలో బ్రిస్బేన్‌దే చివరిది.

ఆ తరువాత సెయింట్ హెలెన్స్‌కు శిక్షకుడై 1961లో మళ్లీ ఛాలెంజ్ కప్పు గెలిపించాడు. 1998లో కన్నుమూశాడు.

పక్కింటి పెద్దాయన ఈ కథ చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం వేరే సంగతి గుర్తుకొచ్చింది.

1986 మార్చిలో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. సంవత్సరాంతపు బిల్లులన్నీ నా సీటులోనే ఉన్నాయి. ఇన్‌చార్జి ఇవ్వడానికి రెండో మనిషి లేడన్నారు. నాలుగో రోజున వెళ్లి కూర్చున్నాను. మార్చి 31 రాత్రి పదకొండింటికి ఆఖరి బిల్లు పాసయింది. అందరూ చేతులు కలిపి మెచ్చుకున్నారు. ఏప్రిల్, మే నెలలు మంచానికి అంటుకుపోయాను. మెచ్చుకోనిది మా ఆవిడ ఒక్కతే. “మీరు లేకపోతే కచేరీ ఆగదు, మీరు పోతే ఈ ఇల్లు ఆగుతుంది” అన్నది.

చాలా ఏళ్లు ఆ మార్చి నెల గురించి గొప్పగా చెప్పుకున్నాను. ప్రెస్కాట్ కథ విన్నాక ఆ గొప్ప కాస్త తగ్గింది. ఆయన ధైర్యానికి రెండు చేతులా నమస్కరిస్తాను. కాని ఆయనకు ఆ ధైర్యం అవసరమయ్యేట్టు చేసింది నిబంధనలోని లోపమే కదా! ఇంగ్లండులో 1964లో, గాయపడినవారి బదులు వేరొకరిని దింపవచ్చునని నిబంధన మార్చారు. ఆరేళ్లు ముందు మార్చి ఉంటే ఆయన ఇంకొన్ని టెస్టులు ఆడేవాడేమో.

మన పిల్లలలో చాలామంది ఇప్పుడు పదిమంది చేత పనిచేయించే స్థానాలలో ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. విరిగిన చేతితో పనిచేసేవాణ్ణి మెచ్చుకోండి, తప్పు లేదు. దానికంటే ముందు ప్రతి సీటుకూ రెండో మనిషిని చూసిపెట్టండి.

సెలవు.